మూడు సెకన్ల డైరెక్టర్

వినతుల శాఖ డైరెక్టరేట్‌లో ఒక మంగళవారం పొద్దున ఒక రైతు సూపరింటెండెంటు కమలాకరం గారి చొక్కా కాలరు పట్టుకున్నాడు. చెరువుగట్టు సరిహద్దు కాగితం కోసం పదకొండేళ్లుగా తిరుగుతున్న మనిషి. పట్టుకున్నాడే గానీ కొట్టలేదు, తిట్టలేదు. కాసేపు అలాగే నిలబడి, తనకు తానే సిగ్గుపడి వదిలేసి, నలిగిన కాలరు మడత సరిచేసి, వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

దీని మీద శాఖ మూడు సమావేశాలు జరిపింది. ఆ కాగితమేదో ఇచ్చేస్తే సరిపోతుందేమోనని కొత్తగా చేరిన ఉద్యోగిని ఒకావిడ అందిట గానీ, అది అజెండాలో లేని అంశం కాబట్టి మినిట్స్‌లోకి ఎక్కలేదు. నాలుగో సమావేశంలో డైరెక్టర్ ప్రభంజనరావు గారు సమస్య మూలాల్లోకి వెళ్లి, సిబ్బంది అందరికీ జూడో నేర్పించాలని తేల్చారు. జూడోలో మనిషిని ఎత్తి పడేసే ప్రాథమిక పద్ధతుల్లో అయిదు ఎంచారు. ఆ అయిదూ వచ్చినవారికే ఇకమీదట ప్రమోషన్.

నేర్పాల్సింది మీరేనంటూ ఆ ఉత్తర్వు కాపీ గేదెల హైమావతికి చేరేసరికి ఆమె స్పోర్ట్స్ హాస్టల్లో ఆడపిల్లల చేత పల్టీలు కొట్టిస్తోంది. పలాస దగ్గర జీడితోటల మధ్య పుట్టిన మనిషి. జాతీయ పోటీల్లో రెండుసార్లు కంచు పతకం తెచ్చింది. ఆరేళ్లుగా కాంట్రాక్టు కోచ్. పర్మినెంటు చేయమని ఆమె పెట్టుకున్న వినతి కూడా ఆ శాఖలోనే ఉంది. ఎనభై తొమ్మిది రోజులకోసారి ఆమె ఉద్యోగం పోతుంది, ఒకరోజు ఆగి మళ్లీ వస్తుంది. మధ్యలో ఉన్న ఆ ఒక్కరోజు ఆమె ప్రభుత్వానికి ఏమీ కాదు. ఆ రోజు కూడా వెళ్లి నేర్పేది. పిల్లలకి ఆ తేడా తెలియదు.

"ఈ కార్యక్రమాన్ని జయప్రదం చేయండి. మీ పర్మినెంటు విషయం సానుకూల దృక్పథంతో పరిశీలిస్తాం," అన్నారు ప్రభంజనరావు గారు, కుర్చీలో వెనక్కి వాలి.

ఆ సాయంత్రం హైమావతి ఫోన్‌లో వాళ్లమ్మకి చెప్పింది.

"పరిశీలిత్తామన్నారంటే ఇచ్చీసినట్టేనేటే?" అంది తల్లి.

"పరిశీలిస్తామంటే పరిశీలిస్తారమ్మా. అంతే."

"మరైతే ఆళ్లకి బాగా నేర్పు. తప్పులెంచకుండా నేర్పు."

రికార్డు గదిలో ఉన్న ఫైళ్లన్నీ వరండాలోకి చేర్చి, ఖాళీ అయిన ఆ హాల్లో మ్యాట్లు పరిచారు. నలభై రెండు మంది ఉద్యోగులు, ఇస్త్రీ చేసిన తెల్ల జూడో దుస్తుల్లో, హోదాల వారీగా బారులు తీరారు. డైరెక్టర్ గారు ముందు వరసలో ఒక్కరే ఉన్నారు. ఆయన నడుముకి నల్ల బెల్టు ఉంది. బెల్టులు హోదాను బట్టి ఇవ్వాలని అప్పటికే నిర్ణయమైపోయింది. డైరెక్టర్‌కి నలుపు, డిప్యూటీ డైరెక్టర్లకి గోధుమ రంగు, అలా దిగుతూ దిగుతూ అటెండర్‌కి తెలుపు. తొమ్మిదేళ్ల కిందట పరీక్షల్లో నెగ్గి నల్ల బెల్టు తెచ్చుకున్న హైమావతిని కమలాకరం గారు పక్కకి పిలిచారు.

"కాంట్రాక్టు వారికి బెల్టు ఎలిజిబిలిటీ లేదమ్మా. అపార్థం చేసుకోకండి."

హైమ బెల్టు విప్పేసి, జాకెట్టు జారిపోకుండా ఫైళ్లు కట్టే నాడా ఒకటి నడుముకి చుట్టుకుంది.

"జూడోలో మొదటి పాఠం విసరడం కాదండీ, పడటం," అని మొదలుపెట్టింది. "గడ్డం గుండెకి ఆనించాలి. తల నేలకి తగలకూడదు. వీపు ఆనే క్షణంలోనే అరచేత్తో మ్యాట్‌ని గట్టిగా చరచాలి. దెబ్బంతా చేతిలోంచి పోతుంది. పడటం రానివాళ్లు విసరడం నేర్చుకోకూడదు."

చెప్పి, నిలబడిన చోటి నుంచే వెనక్కి పడి చూపించింది. అందరూ డైరెక్టర్ గారి వైపు చూశారు.

"కోచ్ గారూ," అన్నారాయన, "పడటం అనే మాట ఉంది చూశారూ, అది శాఖ ప్రతిష్ఠకి ఏమంత శోభించదు. రేపు పేపర్లో 'వినతుల శాఖ డైరెక్టర్ పడ్డారు' అని రాశారనుకోండి."

కమలాకరం గారు గొంతు సవరించుకున్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఆయనది. ఏ నియమం ఏ సంపుటంలో ఏ పేజీలో ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. ఆ నియమం ఎందుకు పెట్టారో మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.

"'నియంత్రిత అవరోహణ' అందాం సార్."

ఆ రోజు నలభై రెండు మందీ అవరోహణ నేర్చుకున్నారు. డైరెక్టర్ గారు పరుపు మీద పరుపు వేయించుకుని, ఇద్దరు డిప్యూటీలు చెరో భుజం పట్టుకోగా, ఏడు నిమిషాల్లో ఒక అవరోహణ పూర్తిచేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. న్యాయంగా చెప్పాలంటే చెయ్యి చరచడం ఆయనకి త్వరగానే పట్టుబడింది. బల్ల గుద్దడం అలవాటున్న చెయ్యి.

రెండో వారం హైమ ఓగోషి మొదలుపెట్టింది. ఎదుటి మనిషి నడుము చుట్టూ చెయ్యి వేసి, తిరిగి, తన నడుము మీదకి ఎక్కించుకుని అవతలికి దించేయడం. అన్నింటిలోకీ సులువైనది. ఒక జూనియర్ అసిస్టెంటు ఒక సీనియర్ అసిస్టెంటు నడుము మీద చెయ్యి వేశాడో లేదో, కమలాకరం గారు మధ్యలోకి వచ్చారు.

"ఆగండి. కింది ఉద్యోగి పై ఉద్యోగిని నేలకేసి కొడితే, అది క్రమశిక్షణ ఉల్లంఘన అవుతుందా, అవదా?"

"ఇది ఆట కదండీ," అంది హైమ.

"ఆట అని ఎక్కడుందమ్మా? ఉత్తర్వులో 'నైపుణ్యాభివృద్ధి' అని ఉంది."

నాలుగు రోజులు శిక్షణ ఆగిపోయింది. అయిదో రోజు ఏడు పేజీల మార్గదర్శకాలు వెలువడ్డాయి, ప్రభంజనరావు గారి సంతకంతో. అందులో నాలుగో నిబంధన కీలకమైనది. ఏ ఉద్యోగీ తన కంటే పై హోదాలో ఉన్నవారిని విసరరాదు. పై హోదాలో ఉన్నవారు కింది హోదా వారి చేత విసిరించుకొనుట కూడా హోదాకు భంగకరముగా పరిగణించి తగు చర్య తీసుకొనబడును. సమాన హోదా గలవారి విషయంలో సీనియారిటీ జాబితా చూడవలెను. సీనియారిటీ వివాదం కోర్టులో ఉన్నవారు ఒకరినొకరు పట్టుకొని నిలబడవచ్చును గాని విసరరాదు.

అలాంటివాళ్లు ఆఫీసులో ఇద్దరున్నారు. ఇద్దరూ రోజూ పదింటికి వచ్చి ఒకరి జాకెట్టు ఒకరు పట్టుకుని, పన్నెండింటి దాకా నిలబడి వెళ్లిపోయేవారు. హైమ వాళ్ల పక్కనుంచి వెళ్లేటప్పుడల్లా ఒకాయన, "కోర్టు ఏమంటుందో చూద్దాం," అనేవాడు.

మిగతావాళ్లకి వేరే చిక్కు వచ్చింది. పైవాళ్లు కిందివాళ్లనే విసరాలి కాబట్టి ప్రతివాళ్లూ తమ కిందివాళ్లని చూపించి తప్పుకుంటూ పోతే, చిట్టచివర తేలింది టీలు అందిస్తూ తిరిగే అటెండర్ మస్తానమ్మ. యాభై నాలుగేళ్ల మనిషి. ఒక డిప్యూటీ డైరెక్టర్ మార్గదర్శకాలు చేత్తో పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తే, ఆవిడ ట్రే కింద పెట్టకుండానే చెప్పింది.

"నా మీద చెయ్యేస్తే రేపట్నించి టీ మీరే కాచుకోవాల సార్."

ఆయన వెనక్కి వచ్చేశాడు. ఎవరూ ఎవరినీ విసరకుండా వారం గడిచేలా ఉంటే, కమలాకరం గారే మళ్లీ దారి చూపించారు. కాంట్రాక్టు మనిషికి కేడరే లేదు. కేడర్ లేనివాళ్లు అటెండర్ కంటే కిందే. కాబట్టి హైమావతిని ఎవరైనా విసరవచ్చు. ఆమె మాత్రం ఎవరినీ విసరరాదు.

అప్పటి నుంచి రోజుకి నలభై రెండు సార్లు హైమ పడింది. పడటం అంటే వాళ్లు విసిరితే పడటం కాదు. వాళ్లు నడుము మీద చెయ్యి వేసి, సగం తిరిగి, ఆయాసపడుతూ ఆగిపోతారు. అక్కడి నుంచి ఆమే ఎగిరి, గాల్లో ఆమే తిరిగి, ఆమే పడాలి. పడ్డాక లేచి, "చాలా బావుంది సార్," అనాలి. సాయంత్రానికి కుడి భుజం పైకి లేచేది కాదు. హాస్టల్ పిల్లలు వేడినీళ్ల కాపడం పెడుతూ, "పెద్ద పోటీలా మేడమ్?" అని అడిగేవారు.

"అవును," అనేది హైమ.

పది నుంచి పన్నెండు దాకా కౌంటర్లన్నీ మూసి ఉండేవి. కిటికీకి బోర్డు వేలాడదీశారు. "సిబ్బంది ఆత్మరక్షణలో ఉన్నారు." బయట జనం వరండాలో ఫైళ్ల మీద కూర్చునేవారు. అవి తమ ఫైళ్లేనని వాళ్లకి తెలియదు. ఒకరోజు ఆ చెరువుగట్టు రైతు హాలు గుమ్మం దాకా వచ్చి, కాసేపు చూసి, హైమని అడిగాడు.

"నన్ను కూడా ఓసారి పడేయించండమ్మా. నా కాయితం మీద సంతకం ఎలాగూ పడదు. నేనన్నా పడితే ఏదో ఒక పనైనట్టుంటది."

కమలాకరం గారు ఆయన వైపు చాలా మర్యాదగా తిరిగారు. కాలరు మీద చెయ్యి వేసుకుని మరీ తిరిగారు.

"వినతిదారులకి హోదా లేదండీ. పై హోదా లేదు, కింది హోదా లేదు. అలాంటివారిని విసరడానికి మార్గదర్శకాల్లో వెసులుబాటు లేదు. అర్జీ పెట్టుకోండి."

రైతు ఆ రోజే అర్జీ పెట్టుకున్నాడు.

ఇంత జరుగుతున్నా ఆ ఆఫీసులో జూడో నేర్చుకున్న మనిషి ఒకరున్నారు. పన్నెండింటికి అందరూ వెళ్లాక మస్తానమ్మ కప్పులు తీయడానికి వచ్చేది. ఓ రోజు కప్పులు పక్కన పెట్టి, చీర కొంగు బిగించి అడిగింది.

"ఆ తిప్పేది ఎట్లాగమ్మా? నాకు చెప్తావా?"

"బలం అక్కర్లేదు మస్తానక్కా," అంది హైమ. "నిటారుగా నిలబడ్డ మనిషిని ఎవరూ పడెయ్యలేరు. ముందు మెల్లిగా మన వైపు లాగాలి. వాడి మడమలు నేల మీద నుంచి లేచి మునివేళ్ల మీదకి రావాలి. అక్కడికి వచ్చాక మనం చేసేది ఏమీ ఉండదు. తిరగడమే. బరువు వాడిదే, పడేదీ వాడే."

మస్తానమ్మ రోజూ పావుగంట నేర్చుకుంది. పదో రోజున హైమ చొక్కా పట్టుకుని లాగి, తిరిగి, ఒక్క ఊపున తన నడుము మీదుగా మ్యాట్ మీదకి దించేసింది. ఎగరకుండా, ఎవరికీ సాయం చేయకుండా, నిజంగా పడటం హైమకి నెలన్నరలో అదే మొదటిసారి. వెంటనే లేవాలనిపించలేదు. కప్పు చూస్తూ అలాగే పడుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దెబ్బ తగిలిందా అమ్మా?" మస్తానమ్మ కంగారుపడి కూర్చుంది.

"లేదక్కా. చాలా బాగా పడేశావు."

"ముప్పై ఏళ్లుగా ఈ ఆఫీసులో అన్నీ మోశాను," అంది మస్తానమ్మ, తన చేతులు చూసుకుంటూ. "మోసినదాన్ని కింద పడెయ్యొచ్చని ఇప్పుడే తెలిసింది."

కార్యక్రమం ముగింపు రోజున ప్రిన్సిపల్ సెక్రటరీ గారు ప్రదర్శన చూడటానికి వస్తున్నారని కబురు వచ్చింది. ముందురోజు హైమని డైరెక్టర్ గారి గదికి పిలిచారు.

"మూడుసార్లు విసురుతాను," అన్నారు ప్రభంజనరావు గారు. "మూడోది కొంచెం ఎత్తుగా ఉంటే బావుంటుంది. మీ ఫైలు నా బల్ల మీదే ఉంది. ప్రోగ్రాం అయిపోగానే చూసేస్తాను."

బల్ల మీద నిజంగానే ఉంది. మీద టీకప్పు గుండ్రటి మరక కూడా ఉంది.

మర్నాడు హాలు నిండిపోయింది. సెక్రటరీ గారు, తలనెరసిన సన్నటి ఆవిడ, ముందు కుర్చీలో కూర్చున్నారు. వీడియో తీసేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు వచ్చారు. డైరెక్టర్ గారు హైమ నడుము మీద చెయ్యి వేసి సగం తిరిగారు. హైమ ఎగిరి పడింది. చప్పట్లు. రెండోసారి ఇంకాస్త గాలి పట్టి పడింది. చప్పట్లు హోరెత్తాయి. ఆ హోరు ప్రభంజనరావు గారి తలకి ఎక్కింది. తనకి జూడో వచ్చేసిందని ఆయన నమ్మిన క్షణం అదే.

మూడోసారి ఆయన నడుము పట్టుకోలేదు. ఎక్కడ చూశారో ఏమో, ఆమె మెడ చుట్టూ చెయ్యి బిగించి, తల చంకలోకి లాక్కుని, తన బరువంతా ఆమె మీద వేసి ముందుకి దూకబోయారు. అలా దూకితే కిందపడేది ఆమె నడినెత్తి. పైన పడేది ఆయన. అలాంటి పట్టులో మెడ విరిగి, ఆటకీ నడకకీ కూడా దూరమైన పిల్లని హైమ ఒకసారి ఆసుపత్రిలో చూసింది. బల్ల మీది ఫైలు గుర్తొచ్చింది. ఆ పిల్లా గుర్తొచ్చింది. ఏది ఎక్కువో ఆమె తేల్చుకునేలోపే ఆమె కాళ్లు తేల్చేశాయి. డైరెక్టర్ గారు అప్పటికే మునివేళ్ల మీద ఉన్నారు. ఆమె తల విడిపించుకుని, ఆయన చెయ్యి పట్టుకుని, తిరిగింది.

వినతుల శాఖ డైరెక్టర్ గాలిలోకి లేచారు. పాదాలు పైకప్పు వైపు వెళ్లి, మళ్లీ ఈ లోకం వైపు వచ్చాయి. హైమ ఆయన జాకెట్టు చేతి అంచుని చివరిదాకా వదల్లేదు. తల నేలకి తగలకుండా పైకి లాగి పట్టింది. ఆయన అరచెయ్యి మ్యాట్‌ని ఫెళ్లున చరిచింది. అంత చక్కటి అవరోహణ ఆ హాల్లో అంతకుముందు ఎవరూ చేయలేదు.

గుమ్మం దగ్గర మస్తానమ్మ ఒక్కతే, "అదీ," అంది నెమ్మదిగా.

సెక్రటరీ గారు లేచి నిలబడ్డారు.

"కింది ఉద్యోగి చేతిలో తానే పడి చూపించిన శాఖాధిపతిని నా సర్వీసులో చూడలేదు," అన్నారు. "వెరీ గుడ్. ఈ ఫోటో వార్షిక నివేదిక ముఖచిత్రంగా వెయ్యండి. దీనికి సంబంధించిన మార్గదర్శకాలన్నీ జతపరిచి నాకు పంపండి."

మర్నాడు హైమ బ్యాగు సర్దుకుని మరీ డైరెక్టర్ గారి గదికి వెళ్లింది. ఆయన వీపు వెనక రెండు దిండ్లు ఉన్నాయి. ఎదురుగా కమలాకరం గారు మార్గదర్శకాలు తెరిచి పట్టుకుని ఉన్నారు.

"తప్పు నాదే సార్," అంది హైమ. "రాసిస్తాను. నన్ను తీసెయ్యండి."

"తీసేస్తే ఎలా అమ్మా?" అన్నారు కమలాకరం గారు, చాలా దిగులుగా. "డైరెక్టర్ గారిని విసిరింది ఉద్వాసన పొందిన కాంట్రాక్టు మనిషి అవుతుంది. అది ఇంకా కింది హోదా. ఆ ఫోటో పుస్తకం అట్ట మీద రాబోతోంది. దాని వెనకే నాలుగో నిబంధన జతపరిచి పంపాలి. కింది హోదావారి చేత విసిరించుకున్నందుకు సార్ మీద సారే చర్య తీసుకోవాల్సి వస్తుంది."

ప్రభంజనరావు గారు కళ్లు మూసుకున్నారు. "ఏదో ఒకటి చూడండి కమలాకరం."

కమలాకరం గారు అప్పటికే చూశారు. రాత్రంతా చూసినట్టున్నారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం వెలిగిపోతోంది.

"వీడియో పరిశీలించాను సార్. పది గంటల నలభై ఒక్క నిమిషం ఏడో సెకనుకి తమరి పాదాలు నేల విడిచాయి. పదో సెకనుకి తమరి వీపు నేల మీదకి వచ్చింది. ఈ మూడు సెకన్లూ తమరు హెడ్‌క్వార్టర్స్ భూమి మీద లేరు. హెడ్‌క్వార్టర్స్ విడిచినప్పుడు చార్జి ఎవరికైనా అప్పగించాలి. సమీపంలో ఉన్నది ఈవిడే. కాబట్టి ఆ మూడు సెకన్లూ ఈవిడ ఇన్‌చార్జి డైరెక్టర్. డైరెక్టర్ హోదాలో ఉన్నవారు, చార్జి వదిలి గాలిలో ఉన్నవారిని విసరడం నాలుగో నిబంధన కిందికి రాదు."



"కాంట్రాక్టు వాళ్లకి చార్జి ఇవ్వకూడదు కదయ్యా?" అన్నారు డైరెక్టర్ గారు కళ్లు తెరిచి.

"ఇవ్వకూడదు సార్. రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలి. అందుకని ఈవిడ సర్వీసుని ప్రదర్శన ముందురోజు తేదీతో క్రమబద్ధీకరించాలి. ఫైలు తమరి బల్ల మీదే ఉంది."

ప్రభంజనరావు గారు టీకప్పు పక్కకి జరిపి సంతకం చేశారు. ఆరేళ్ల ఫైలు అది. సంతకానికి పట్టిన వ్యవధి, హైమ చూస్తూనే ఉంది, మూడు సెకన్ల కంటే తక్కువే.

ఆమెకి రెండు ఉత్తర్వులు ఇచ్చారు. ఒకటి స్పోర్ట్స్ హాస్టల్లో జూడో కోచ్‌గా శాశ్వత నియామకం. రెండోది మూడు సెకన్ల కాలానికి వినతుల శాఖ డైరెక్టర్‌గా పూర్తి అదనపు బాధ్యతలు, ఆ వెంటనే విముక్తి. రెండోదాని మీద "వారు తమ పదవీకాలంలో చూపిన చొరవకు శాఖ కృతజ్ఞతలు" అని కూడా ఉంది. రెండూ ఫోన్‌లో తల్లికి చదివి వినిపించింది.

"డైరెట్రు అయిపోయినావేటే?"

"అయిపోయి, దిగిపోయానమ్మా."

"పోన్లే. కోచ్ ఉజ్జోగం ఉందిగదా. అదుంటే సాలు."

సోమవారం హైమ హాస్టల్లో చేరింది. నల్ల బెల్టు కట్టుకుంది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెని పడేశారు. పదమూడేళ్ల పిల్ల పడేసింది, పదేళ్ల పిల్ల పడేయలేక నవ్వి కూలబడింది. ఎవరి హోదా ఏమిటో అక్కడ ఎవరూ అడగలేదు. భుజం నొప్పి ఉంది గానీ, అది వేరే రకం నొప్పి.

నెల తిరక్కుండా డైరెక్టరేట్ నుంచి ఒక మెమో వచ్చింది. కింద కమలాకరం గారి పొడి అక్షరాల సంతకం ఉంది. త్రైమాసిక సమీక్షలో డైరెక్టర్ల వారీగా పని తీరు పరిశీలించగా, శ్రీమతి గేదెల హైమావతి పదవీకాలంలో శాఖలో ఆరువేల రెండువందల పద్నాలుగు వినతులు పెండింగులో ఉండగా, వారు ఒక్కదాని మీద కూడా సంతకం చేయలేదని గమనించడమైనది. కారణం ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా తెలియజేయవలెను. లేనిచో వివరణ ఏమియు లేదని భావించి తగు చర్య తీసుకొనబడును.

హైమ దాన్ని రెండుసార్లు చదివింది. అవతల మ్యాట్ మీద పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఒక చిన్నదాన్ని పిలిచి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం అడిగి తీసుకుని, మ్యాట్ అంచున కూర్చుని, శాఖ వారికి అలవాటైన భాషలోనే జవాబు రాసింది.

"తమరి మెమో అందినది. నా పదవీకాలమంతయు నా రెండు చేతులలోను డైరెక్టర్ గారు ఉన్నందున సంతకం చేయుటకు వీలుపడలేదని మనవి. మరొక అవకాశం ఇప్పించినచో, ఈసారి ఒంటిచేత్తో ప్రయత్నించగలను."